బావ చొక్కా వేసుకున్న దిష్టిబొమ్మ

మా అక్క మొగుడు ఏ ఉద్యోగంలోనూ నిలబడలేదు. చేతకాక కాదు, ఎవరి దగ్గరా ఒక్క మాట పడడు. రేణిగుంట ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ "కొంచెం చూసుకోవయ్యా" అన్నందుకు అన్నం క్యారియర్ కూడా తీసుకోకుండా ఇంటికొచ్చేశాడు. చివరికి అక్క ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. తిరుపతిలో తాపీ మేస్త్రీగా నాకు కాస్త పేరుంది. అందులో సగం నా నోటి వల్ల వచ్చిందే. తిట్లు తినకుండా నా దగ్గర పని నేర్చుకున్నవాడు లేడు.

"పని నేర్పించురా. నువ్వు ఒక్క మాటన్నా మళ్లా వచ్చి ఇంట్లో కూర్చుంటాడు. ఈసారి కూర్చున్నాడంటే పిల్లోళ్లని తీసుకోని నేను నాయన కాడికి వచ్చేస్తా," అంది అక్క.

అక్క ఉత్తినే బెదిరించే మనిషి కాదు. పైగా పెళ్లిలో ఆయన కాళ్లు కడిగేటప్పుడు నీళ్ల చెంబు అందించింది నేనే. అలాంటి మనిషిని నలుగురిలో ఎలా తిట్టేది?

అప్పుడు తిరుచానూరు దగ్గర ఒక లాడ్జి కడుతున్నాం. దానికి దిష్టిబొమ్మ కట్టే పని బావకే ఇచ్చాను. గడ్డి కూరి, తన ఫ్యాక్టరీ చొక్కా తొడిగి, మొదటి అంతస్తు కిటికీ పక్కన వేలాడదీశాడు. "ఇంక దీంతో నాకేం పని," అన్నాడు.

బావది పరధ్యానం. వచ్చిన కొత్తలోనే ఒక బాత్రూం నేలకు వాటం తిప్పి పెట్టాడు. బకెట్ నీళ్లు పోస్తే అవి కన్నం వైపు పోకుండా, తీరిగ్గా గడప దాటి మంచం వేయాల్సిన చోటికి వెళ్లాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా బావ. నోరు తెరిచాను, అక్క గుర్తొచ్చింది, తల పక్కకు తిప్పాను. కిటికీ బయట దిష్టిబొమ్మ కనిపించింది.

"కండ్లు యాడ పెట్టుకోని పని చేస్తుండావురా? నీళ్లు ఎటు పోవాలో తెల్దా నీకు?" అని దాన్ని దులిపేశాను.

బావ కూడా బొమ్మ వైపు చూశాడు. "బాగా చెప్పినావు," అన్నాడు. తరువాత నేల పగలగొట్టి వాటం సరిచేశాడు.

ఇక అదే అలవాటైంది. గోడ వంకర పోతే బొమ్మకు తిట్లు, సిమెంటు బస్తా వానలో తడిస్తే బొమ్మకు తిట్లు. అమ్మవారి గుడికి పోయే యాత్రికులు రోడ్డు మీద ఆగి చూసేవాళ్లు. ఒక పెద్దావిడ ఇదేదో ఈ ఊరి మొక్కు అనుకుని బొమ్మకు దణ్ణం పెట్టుకుని వెళ్లింది. లాడ్జి ఓనరు నన్ను పక్కకు పిలిచి, "మేస్త్రీ, ఇంట్లో అంతా బాగుండారా?" అని అడిగాడు. బాగుండడానికే ఈ పాట్లని ఆయనకెలా చెప్పను?

అన్నిటికన్నా నాకు మంటెత్తించింది బావ పెద్దరికం. "పోనీలే అప్పా, కొత్తోడు, నేర్చుకుంటాడు," అని బొమ్మ తరఫున నాకే సర్దిచెప్పేవాడు. కానీ బొమ్మ ఒకసారి తిట్లు తిన్న తప్పు మళ్లీ జరిగేది కాదు. అందుకే ఓర్చుకున్నాను.

ఒకరోజు పరంజా పలకకు తాడు కట్టమని బావకు చెప్పి టీకి వెళ్లాను. ఆయన ఒక కొస కట్టాడు, రెండో కొస కట్టబోతుంటే ఫోనొచ్చింది, మాట్లాడుతూ అలాగే దిగిపోయాడు. నేను వచ్చి ఎక్కగానే పలక లేచింది. ఇసక కుప్పలో పడ్డాను. చేయి బెణికింది, అంతే. జానెడు పక్కనే ఇనుప కమ్ములు నిలబెట్టి ఉన్నాయి.

వెల్లకిలా పడుకునే బొమ్మను తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయేదాకా తిట్టాను. బావ మేడెక్కి, బొమ్మ చొక్కా విప్పి, చంకలో పెట్టుకుని రోడ్డు మీదికి నడిచి వెళ్లిపోయాడు.

ఇంక అయిపోయిందనుకున్నాను. అక్క పిల్లల బట్టలు సర్దుతున్నట్టే అనిపించింది. ఆ సాయంత్రం ఫోన్ మోగితే తీయడానికి భయమేసింది.

మర్నాడు నేను వెళ్లేసరికి బావ పరంజా మీద ఒక్కో ముడీ లాగి చూస్తున్నాడు. ఒంటి మీద ఆ ఫ్యాక్టరీ చొక్కానే, ఉతికి ఇస్త్రీ చేసింది.

"ఇన్నాళ్లూ తిట్లు తినింది ఈ చొక్కా. ఇంక నేనే ఏసుకుంటా. ఏమన్నా అనాలంటే నన్నే అను," అన్నాడు కిందికి చూడకుండా.

నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు. "టిఫిన్ తిన్నావా బావా?" అని మాత్రం అడిగాను.

"తిన్నాలే. బొమ్మకు చొక్కా లేదు, నీ పాతదొకటి ఇయ్యి."

ఇచ్చాను. మధ్యాహ్నం లోపల పూత పని చూస్తుంటే బయట బావ గొంతు వినిపించింది. తొంగి చూశాను. నా గళ్ల చొక్కా తొడిగిన బొమ్మ ముందు నిలబడి ఉన్నాడు.

"ఇన్నేండ్ల మేస్త్రీవి, ఎక్కే ముందు ముడి లాగి సూసుకోవద్దా? నీకేమన్నా అయ్యుంటే ఇంట్లో మీ అక్క మొగం నేనెట్ల సూసేది?"

నేను తాపీ కింద పెట్టి, నోరు మూసుకుని, ఆయన తిట్టడం అయిపోయేదాకా విన్నాను.