గోపురమనుకున్న ఇల్లు

తిరుత్తణిలో మా అవ్వ మగ్గానికి ఎదురుగా గోడ మీద ఒక పటం ఉంది. నూలు రంగులమ్మే షాపువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన క్యాలెండరు అది. నెలలన్నీ చిరిగిపోయి బొమ్మ మిగిలింది. మెట్లు మెట్లుగా పైకెక్కిపోయే రాతి కట్టడం, ఒక్కో మెట్టు మీద ఒక శిల్పం, కొసన కలశంలాంటిదేదో, అడుగున ఒక వాకిలి. కింద రాసింది తమిళం కాదు, తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదని మా మామ తేల్చేశాడు. ఆయన జీవితంలో తేల్చింది అదొక్కటే.

అవ్వ దాన్ని గుడి అనుకుంది. గోపురం కనిపిస్తుంటే ఇంకేమనుకుంటుంది? మా ఇళ్ళలో ఏడాది అయిపోయినా దేవుడి క్యాలెండరును చెత్తలో వేయరు. ప్రతి శుక్రవారం ఆ గోపురం మీద కుంకుమ బొట్టు పడేది. చిన్నప్పుడు నేను జ్వరంతో మూడు రోజులు కళ్ళు తెరవకపోతే, అవ్వ తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కి, చివరికి ఈ గుడికీ మొక్కింది, బిడ్డ లేస్తే తన చేత్తో నేసిన చీర ఇస్తానని. నాలుగో రోజు నేను లేచి ఇడ్లీ అడిగాను. మిగతా మొక్కులన్నీ తీరాయి. నేసిన ఈ చీర మాత్రం, గుడి ఎక్కడుందో తెలియక, ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. మొక్కిన చీర ఇంకెవరూ కట్టకూడదు, ఇంకో దేవుడికి ఇవ్వకూడదు.

ఈమధ్య అవ్వకు చూపు తగ్గింది. "మొక్కిన వేండుదల తీర్చకుండా పోతే నా మనసుకు నిమ్మది ఉండదు పాపా. ఆ గుడి యాడుందో కనుక్కో" అని నా ప్రాణం తీయడం మొదలుపెట్టింది.

నేను తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కొత్త మెషీను బిగించడానికి జర్మనీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. టీ వేళ ఆయనకు ఫోనులో పటం ఫోటో చూపించాను. ఆయన కింది అక్షరాలు చదివి, ఆ ఎర్ర చుక్క ఏమిటని అడిగాడు. చెప్పాను. నవ్వలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం. అది వాళ్ళ పక్క పట్నంలోదట. వందల ఏళ్ళ కిందట ఒక గుడ్డల వ్యాపారి కట్టించుకున్న ఇల్లట. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి వీధికి వీధే కాలిపోయిందట, బొమ్మ అంతకుముందుదట. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతారట. అంటే నాకు జ్వరం వచ్చేనాటికే ఆ ఇల్లు లేదు. నన్ను లేపింది ఎవరో మరి.

ఏదో ఒక అబద్ధం చెబుదామని రైల్లో తిరువాలంగాడు దాటేదాకా అనుకున్నాను. తీరా అవ్వ ముందు కూర్చుంటే అబద్ధానికి నోరు రాలేదు.

"అది గుడి గాదవ్వా. ఇల్లు."

"ఎవురిది?"

"గుడ్డల సావుకారుది."

అవ్వ తల పటం వైపు తిరిగింది. నేతవాళ్ళకు సావుకారంటే, చీర చేతికి తీసుకుని, కూలి తగ్గించడానికి లేని వంక వెతికేవాడు.

"ఇన్నాళ్ళూ సావుకారుకా బొట్టు పెట్టినాను" అంది.

ఇల్లు కాలిపోయిన సంగతి కూడా చెప్పాను.

"లోపలున్నోళ్ళు?"

"ఆ వీధిలో శానామంది పొయినారంటవ్వా."

ఆ శుక్రవారం పటానికి బొట్టు లేదు. శనివారం అవ్వ పెట్టె తెరిచి, చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఆ మనిషికియ్యి. ఆ తావులో పెట్టమను."

"కార్లు నిలిపే చోటవ్వా."

"నిలపనీ. నేను సావుకారుకు మొక్కలేదు. ఆ తావుకు మొక్కినాను."

పెద్దాయన వాళ్ళ ఊరికి వెళ్తూ చీర తీసుకెళ్ళాడు. రెండు వారాలకు ఒక ఫోటో పంపాడు. వానకు తడిసిన నేల, రెండు కార్ల మధ్య పరిచిన పేపరు, దాని మీద మడత పెట్టిన ఎర్రచీర, పక్కన ఆయన బూట్లు. చెప్పులు విడవాలని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ ఫోను కళ్ళకు ఆనించుకుని చూసింది. కొంగు తడవలేదు కదా అని అడిగింది. తడవలేదన్నాను. కుంకుమ భరిణె తెమ్మంది.

"ఈరోజు మంగళవారమవ్వా."

"తే."

తెచ్చాను. తడుముకుంటూ పటం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"వాకిలి యాడుందో చూపించు" అంది.

కుంకుమ అద్దిన ఆమె వేలు పట్టుకుని, గోపురం మీద నుంచి కిందికి దించి, గడప మీద పెట్టాను.