గండిపేటలో పోటు కోసం

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల కాలేజీ మూతపడి, నేను చేవెళ్లకు తిరిగి వచ్చిన రోజులవి. కాలం గడియారాన్ని మరచిపోయినట్టు సాగేది. ఆదివారం సాయంత్రాలు మొయినాబాదు చర్చి ఆవరణలో యువకులం చర్చలు పెట్టుకునేవాళ్లం. సముద్రపు పోటు నుంచి విద్యుత్తు తీయవచ్చునన్న పక్షం ఈసారి నాది. ఫ్రాన్సులో ఒక నది సముద్రంలో కలిసే చోట అలా తీస్తున్నారని చదివాను. మా వాడకు ఇంకా కరెంటు స్తంభాలు రాలేదు. బొగ్గూ పొగా లేని ఆ వెలుగును ఊహించుకుంటూ మధ్యాహ్నాలు గడిపేవాణ్ణి.

ఎదుటి పక్షం మా పెదబాపు కొడుకుది.

"తమ్మీ, సముద్రం ఎన్నడన్న చూసినవా? రాష్ట్రం వేరైతే అది గూడ వాళ్లకే పాయె. ఎవరి నీళ్లతోని దీపం పెడ్తవ్?"

పొరుగువారిని అడగడానికి వేరుపడటం అడ్డు కాదని రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలను. సముద్రాన్ని మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు వేదిక మీద చెప్పకూడదన్నది నా నియమం. ఆదివారంలోగా పోటును చూడాలి. లేదా పక్షం వదులుకోవాలి.

పున్నమినాడు సైకిలు మీద, పట్నానికి తాగునీరిచ్చే గండిపేట జలాశయానికి వెళ్లాను. అంత నీటిని చంద్రుడు కదిలించడా అనుకున్నాను. గీతలు పెట్టిన వేపకట్టెను ఒడ్డు దగ్గర నీళ్లలో నాటి, పొద్దంతా చూశాను. ఎండలో నీరు, ఆకాశం ఒకటైపోయాయి. కళ్లు మూస్తే ఒడ్డే మెల్లగా తేలిపోతున్నట్టుండేది.

వల సర్దుకుంటున్న ముసలి జాలరి పలకరించాడు. "ఏంది బిడ్డా, కట్టెకు కావలున్నవా?"

"నీళ్లు ఎక్కుతయేమోనని, తాతా. పున్నమికి చంద్రుడు గుంజుతడట."

"గట్లనా! జర నా వల గూడ గుంజుమను."

సాయంత్రానికి నీరు గీతకు కొంచెం కిందికి దిగింది. పోటు తరవాత వచ్చే ఆటు ఇదేననుకున్నాను.

"దిగినయి, తాతా!"

"పట్నపోళ్లు తాగిండ్రు, బిడ్డా."

ఆదివారం ఆ సంగతే ముందుగా చెప్పాను. ఆవరణంతా నవ్వింది. పోటును నేను చూడలేదని, చదివింది మాత్రమే వినిపిస్తానని చెప్పి కొనసాగించాను. చేతులెత్తించినప్పుడు నా పక్షం ఓడింది.

చాపలు చుడుతుండగా, వెనక కూర్చుని అంతా విన్న మా నాన్న దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు: "సముద్రం ఎన్కకు పోయేటప్పుడు గూడ కరెంటొస్తదా?"

"వస్తదని రాసిన్రు, బాపూ," అన్నాను.