ఇసుక తేకూడని పోటీ

పోయిన నెల నెల్లూరులో హైస్కూలు పిల్లలకు ఇంజనీరింగ్ డిజైన్ పోటీ ఒకటి జరిగితే, పాలిటెక్నిక్‌లో ముప్పయ్యేళ్లు మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఒకడు ఖాళీగా ఉన్నాడని ఎవరు చెప్పారో గానీ, నన్ను జడ్జీగా పిలిచారు. ముందురోజు నిబంధనల కాగితాలు పంపారు. నాలుగు పేజీలు. మూడో పేజీలో, జట్టుకు ఎంతమంది ఉండాలి, వాళ్ల టీషర్టు ఏ రంగుది అయి ఉండాలి అన్నవాటి తర్వాత, ఒక వాక్యం ఉంది: నీరు, ఇసుక, మట్టి హాల్లోకి తేరాదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అదే ఉంది. దాదాపు యాభై ఏళ్ల కిందట నోటిమాటగా చెప్పి నా కొంప ముంచిన నిబంధనను ఇప్పుడు అచ్చువేసి, నా చేతికే ఇచ్చి, దగ్గరుండి అమలు చేయమంటున్నారు.

మాది జువ్వలదిన్నెకు దిగువన, సముద్రాన్ని ఆనుకున్న పల్లె. ఈనాటి హార్బరు అప్పటికి ఎవరి కలలోనూ లేదు. వేటకు పోయిన పడవ తిరిగొస్తే దాన్ని ఒడ్డెక్కించడం ఊరందరి పని. నాతోపాటు ఆ తీరాన పెరిగిన వాళ్లకు ఆ తంతు నేను వర్ణించి చెప్పాల్సిన అవసరం లేదు. తాటిదుంగలు కింద పరిచి, ఇరవై మంది భుజాలు ఆనించి, ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటూ తోస్తారు. దూరం నుంచి చూసేవాళ్లకు చాలా అందంగా ఉంటుంది. మా పెదనాన్న దగ్గరగా ఉండేవాడు కాబట్టి, ఒకరోజు దుంగ పక్కకు దొర్లి పడవ జారినప్పుడు ఆయన కుడి భుజం విరిగింది. ఆ తర్వాత ఆ చెయ్యి అన్నం ముద్ద నోటిదాకా తేవడానికి తప్ప మరెందుకూ లేవలేదు. పడవలు లాగే యంత్రం ఒకటి ఇప్పించమని ఊరు మత్స్యశాఖకు అర్జీ పెట్టుకుంది. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. నేను పదో తరగతికి వచ్చేదాకా అది పరిశీలనలోనే ఉంది. ఆ శాఖవాళ్లు తొందరపడే రకం కాదు.

ఆ ఏడు నెల్లూరులో జిల్లా పిల్లల సైన్సు ప్రదర్శన పెట్టారు. ఎవరి ఊరికి పనికొచ్చే పరికరం వాళ్లు తయారుచేసి తేవాలి. దానికి ముఖ్య అతిథిగా వచ్చేది మా అర్జీని పరిశీలిస్తున్న ఆఫీసరేనని మా సైన్సు మాస్టారు ఎక్కడో విని వచ్చి చెప్పారు. ఇక మాకు బహుమతి సంగతి గుర్తులేదు. ఆ ఆఫీసరు కళ్ల ముందు పడవ కదలాలి, అంతే. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, నేను కలిసి నెల రోజులు కష్టపడి ఒక రాట్నం చేశాం. గానుగ చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది: నిలువుగా ఒక కర్ర దిమ్మె, దాని చుట్టూ తాడు, పైన అడ్డంగా రెండు కర్రలు, ఇద్దరు ఆ కర్రలు పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే తాడు దిమ్మెకు చుట్టుకుని అవతల ఉన్న పడవను లాగుతుంది. ఇరుసుకు పాత సైకిలు చక్రం నడిమి కుండ, అంటే హబ్, వాడాం. ఇది నమూనా కాబట్టి మనుషుల బదులు మా వేళ్లే తిరుగుతాయి. పడవను మా బావ మునగకర్రతో చెక్కి, బరువుకు రాళ్లు నింపాడు. రోజూ ఒడ్డున పెట్టి ఆడించి చూసుకున్నాం. ఒక్కసారి కూడా మొరాయించలేదు. పెదనాన్న పక్కన కూర్చుని చూసి, ఒకే ఒక సలహా ఇచ్చాడు.

"ఆ దొర ముందర జానెడు కదిలిస్తే చాలు అబ్బయా. మరీ ఎక్కువ లాగబాకండి, బెదిరిపోతాడు."

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు రోగుల కోసమూ ప్రయాణాల్లో ఉన్నవారి కోసమూ ప్రార్థించాక మా రాట్నాన్ని కూడా చేర్చారు. నేల సంగతి ఆయనకూ తోచలేదు.

అవును, నేల. మా రాట్నానికి రెండు పొడవాటి కాళ్లున్నాయి. వాటిని ఇసుకలో పాతాలి. మా ఊళ్లో దేన్ని నిలబెట్టాలన్నా ఇసుకలో పాతడమే. పందిరి గుంజ అయినా, వల ఆరేసే కర్ర అయినా అంతే. ఇసుక లేని చోటు లోకంలో ఉంటుందనీ, అక్కడికి పోయేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోవాలనీ మాకు గానీ, మా మాస్టారికి గానీ, నెల రోజులు చుట్టూ చేరి చూసిన ఊరికి గానీ తట్టలేదు. నెల్లూరు పోయి ఆ స్కూలు హాల్లో అడుగుపెడితే, కింద ముఖం కనిపించేంత నున్నటి నాపరాళ్లు.

అప్పటికే ఆఫీసరు మా బల్ల పక్కకు వచ్చేశాడు. చేసేది లేక రాట్నాన్ని నేలమీదే నిలబెట్టి తిప్పాం. బరువైన పడవ ఉన్నచోటే ఉంది. తాడు బిగుసుకునే కొద్దీ రాట్నమే వినయంగా జరుగుతూ పడవ దగ్గరికి పోయింది. ఆఫీసరు నడుం వంచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏందయ్యా ఇది, పడవే మీ యంత్రాన్ని లాక్కుంటా ఉండాదే?"

హాలంతా నవ్వింది. మా బావ నవ్వులు ఆగేదాకా ఉండలేదు. బయట లాంగ్ జంప్ గుంట కనిపించిందట, బకెట్టు ఎక్కడ సంపాదించాడో, నిండా ఇసుకతో పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆ స్కూలు హెడ్మాస్టరు అడ్డం నిలబడ్డాడు.

"పొద్దున్నే హాలు కడిగించినాం. ఇసక పోస్తే ఎవురు ఊడ్చేది, మీ నాయనా?"

"నేనే ఊడుస్తా సార్. ఇసక ఉంటేనే ఆడతాది సార్ అది."

హాలు గెలిచింది. ఈలోగా ఆఫీసరు పక్క బల్ల దగ్గరికి పోయాడు. అక్కడ అట్టతో చేసి వెండి కాగితం అంటించిన రాకెట్టు ఉంది. శ్రీహరికోట పుణ్యమా అని ఆ రోజుల్లో ప్రతి ప్రదర్శనలోనూ ఒకటి ఉండేది. అది ఎగరదు. ఎగిరి చూపించమని దాన్ని ఎవరూ అడగలేదు కూడా. మొదటి బహుమతి దానికే ఇచ్చారు. అది ఏ ఊరికి పనికొచ్చే పరికరమో ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే పెదనాన్న, "ఇసకలో పెట్టకుండా యాడ పెట్టినార్రా?" అన్నాడు. ఆపైన వడ్రంగిని పిలిపించి, తుమ్మ మొద్దులతో అదే రాట్నాన్ని నిలువెత్తున చేయించి, ఒడ్డున నడుంలోతు పాతించాడు. ట్రాక్టర్లు వచ్చేదాకా మా ఊరి పడవలన్నీ దానితోనే గట్టెక్కాయి. పెదనాన్న కూడా బాగున్న ఎడం చెయ్యి కర్రకు ఆనించి చుట్టూ తిరిగేవాడు. అర్జీ మాత్రం పరిశీలనలోనే ఉంది.

ఇదంతా తలకెక్కించుకుని జడ్జీగా పోయాను. మూడు జట్లు మూడు స్మార్టు చెత్తబుట్టలు తెచ్చాయి. మనిషి దగ్గరికి పోతే మూత తెరుచుకుంటుంది. మూడూ బజార్లో దొరికే ఒకే రకం పెట్టెలోంచి వచ్చినవి. తీరం వైపు పల్లె నుంచి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ నెత్తళ్ల చేపలు ఎండబెట్టి అమ్ముతుందట. ఆ అమ్మాయి చేసిన పరికరంలో, వాన చినుకు పడితే, ఇంట్లో మనిషి లేకపోయినా, గరాటులోంచి నీళ్లు నూనె డబ్బాలోకి దిగి, బరువుకు డబ్బా కిందికి జారి, తాడు లాగి, చేపల మీదికి టార్పాలిన్ పట్ట కప్పుతుంది. ఆ అమ్మాయి సీసాతో నీళ్లు తెచ్చింది. అంతే, నిబంధన ఉల్లంఘన కింద పేరు తీసేశారు.

"వాన పడితేనే గదా సార్ అది కప్పేది. నీళ్లు పోయకుండా ఎట్టా చూపిచ్చేది?" అంటోంది ఆ పిల్ల. మెడలో కార్డు వేలాడేసుకున్న నిర్వాహకుడు మర్యాదగానే ఉన్నాడు. "కార్పెట్ కొత్తది సార్. కంప్యూటర్లో బొమ్మలు గీసి చూపిచ్చమన్నాం," అని నాకు చెప్పాడు. కార్పెట్ నిజంగానే బాగుంది.

ఆ పరికరాన్ని నేనే మోసుకుని బయట కుళాయి దగ్గరికి తెచ్చాను. ఆ అమ్మాయి చెంబుతో పోసింది. పట్ట చివరిదాకా వచ్చి కప్పింది. అక్కడ ఉన్నది నేనూ, వాచ్‌మనూ. ఆయన చుట్టూ తిరిగి చూసి, "మా దండెం మీద గుడ్డలకు ఇట్టాంటిది ఒకటి చేసిస్తావా పాపా?" అన్నాడు. నేను లోపలికి పోయి తొంభై అయిదు మార్కులు వేయబోతే, ఆ అమ్మాయి నంబరు మూసేశాం, మార్కులెక్కించే మెషీను తీసుకోదు సార్ అన్నారు. కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆ అమ్మాయికే ఇచ్చి వచ్చాను. మొదటి బహుమతి మూడు చెత్తబుట్టల్లో నడిమిదానికి వచ్చింది.

మా రాట్నం పైభాగం ఎప్పుడో పోయింది గానీ, దాని కాళ్లు మా ఒడ్డున ఇసుకలోనే ఉన్నాయి. పెకలించబోయి ఇద్దరు ముగ్గురు విరమించుకున్నారు. మొన్న వాటి పక్కన కూర్చుంటే ఆ ఆఫీసరు గుర్తొచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వినందుకు ఆయన మీద ఇన్నేళ్లూ కోపం మోశాను, బరువుగా ఉన్నా దించలేదు. ఆ పిల్ల పరికరాన్ని హాల్లో ఎవరూ చూడకుండానే పేరు తీసేశాక, ఇప్పుడు కాస్త దించక తప్పడం లేదు. ఎంత నవ్వినా, నవ్వే ముందు ఆయన నడుం వంచి చూశాడు.