బోరు దగ్గర చిన్నాయన గడ్డం

శారదా, ఎట్లున్నావే? నీ మెసేజ్‌కి జవాబు రాయడం ఆలస్యమైంది, కోప్పడొద్దు... శ్రావణం కదా, మా ఫ్యాన్సీ షాపులో ఊపిరాడటం లేదు. మా చిన్నాయన గడ్డం సంగతి అడిగావుగా... నీ ఒక్కదానికే ఎందుకు, అందరూ చదువుతారని ఇక్కడే రాస్తున్నా.

మా చిన్నప్పుడు... బెళుగుప్ప దగ్గర మా ఊళ్ళో చిన్నాయన గడ్డం పెంచాడు. ఫ్యాషన్ కాదు, మొక్కు! చేనులో నీళ్ళు పడేదాకా గడ్డానికి కత్తి తగలనివ్వను, పడ్డాక కదిరి గుడికి పోయి స్వామికి ఇస్తానని. వేసిన ప్రతి బోరూ దుమ్మే కక్కింది... గడ్డం మాత్రం పొట్టదాకా దిగింది.

నీళ్ళు లేని చేనని సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయేవి. వీడు ఇక ఒంటిగాడిగా మిగిలిపోతాడని మా జేజికి, అంటే నాయనమ్మకు, ఒకటే దిగులు.

చివరికి నీళ్ళు పడ్డాయి! ఆ కబురు వినే కంబదూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఇల్లూ చేనూ చూసుకోవడానికి సాయంత్రం వస్తున్నామని ఆడపిల్లవాళ్ళు ఆ పొద్దున్నే ఫోన్ చేశారు. కదిరికి పోయి వచ్చే వ్యవధి లేదు... పెళ్ళికొడుకేమో బైరాగిలా ఉన్నాడు.

అప్పుడు చిన్నాయన తన ట్రంకు పెట్టెలోంచి కరెంటు ట్రిమ్మర్ తీశాడు. బెంగళూరు పోయినప్పుడు కొని దాచుకున్నాడట. మా ఊళ్ళో అదే మొదటిది.

జేజి అడ్డం పడింది. "కత్తి పెట్టగూడదు రా! మొక్కు ఇంగా తీరల్యా."

"ఇది కత్తి గాదు మా, మిషను. పూరా తీసేది ల్యా, రవ్వంత సరిజేసుకుంటా."

జేజి దాన్ని వేలితో తాకి చూసింది. తెగలేదు. "సరే, రాలిన ఎంట్రుకలన్నీ ఈ గుడ్డలో పడల్ల. అవీ స్వామివే" అంది.

పని మా నాయన చేతికొచ్చింది. గొర్రెలకు ఉన్ని కత్తిరించడంలో ఆయనకు పేరు. అక్కడే వచ్చింది చిక్కు... ట్రిమ్మర్‌తో పాటు దువ్వెన పళ్ళలాంటి ముక్క ఒకటి వచ్చింది. "దీంతో నీ బొమ్మకు దువ్వుకో పాపా" అని నాకిచ్చేశాడు. అది మిషన్‌కు తగిలిస్తేనే వెంట్రుకలు కాస్త మిగులుతాయని ఎవరికి తెలుసు? తమ్ముడి తలను మోకాలికి ఆనించి, చెవి పట్టి పక్కకు తిప్పి, కింది నుంచి పైకి ఒక్క లాగు! కుడి చెంప మీద తెల్లగా బాట పడింది.

నేను పట్టుకున్న అద్దంలో చూసుకుని చిన్నాయన పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నేనేమన్నా గొర్రెనా అన్నా!"

"కదలగాకు. గొర్రె నయం, నోరు మూసుకోని ఉంటాది" అంటూ నాయన ఆ చెంపంతా నున్నగా చేసేశాడు. ఎడమ చెంపకు వచ్చేసరికి మిషన్ ఆగిపోయింది. ఊళ్ళో కరెంటు లేదు... ఛార్జింగ్ లేదు. ఒక పక్క చెంప, ఒక పక్క అడవి!

ఊరికి ఒక లైను, చేలకు ఇంకో లైను. ఆ వారం చేలకు మధ్యాహ్నం వంతు. ఇంకేముంది... చిన్నాయన మొహానికి టవలు చుట్టుకుని, నాయన ట్రిమ్మరూ వైరూ జేజి ఇచ్చిన గుడ్డా పట్టుకుని, నేను అద్దంతో, ముగ్గురం బోరు దగ్గరికి పరుగు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే ఆడింది. పైపులోంచి నీళ్ళు ఎగిరి దూకాయి. షెడ్డులో బల్బు పక్కన ప్లగ్గు ఉంది... అందులో వైరు పెట్టామో లేదో, బాటలో ఒక జీపు ఆగింది.

అందులోంచి ఒక అవ్వ, వెనకే ఆమె కొడుకు దిగారు. "నీళ్ళు చూసి ఆగినాం అప్పా, కాళ్ళు కడుక్కుంటాం. కంబదూరు నుంచి వస్తాండాం" అంది అవ్వ.

ఆడపిల్లవాళ్ళే! చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు!

"టవలేందప్పా ఈ ఎండకు? పన్నునొప్పా?" అని అడిగింది చిన్నాయనను. "అవునవ్వా" అని నాయన నోరు తెరిచేలోపే చిన్నాయన టవలు లాగేశాడు.

"పన్నునొప్పి గాదవ్వా. మీరు చూసేకి వచ్చింది నన్నే."

మొక్కు సంగతీ, గొర్రె కత్తిరింపు సంగతీ అన్నీ చెప్పేశాడు. అవ్వ పైపు దగ్గరికి పోయి దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ తాగింది. నేను అద్దాన్ని గట్టిగా కరుచుకుని నిలబడ్డా...

"మా ఊర్లో ఇట్ల మొక్కినోళ్ళు శానామంది ఉండారు" అంది అవ్వ మూతి తుడుచుకుంటూ. "గడ్డాలే మిగిలినాయి. నీళ్ళు పడినోణ్ణి ఈపొద్దే చూస్తాండా. పిల్లను ఇస్తాం గానీ, ముందు ఆ పక్క తీయించుకో నాయనా... నవ్వు ఆపుకోలేకపోతాండా."

తర్వాత ఆమే పైపు మీద కూర్చుని పని చేయించింది. "చెంపలు రెండూ తీసెయ్. మూతి చుట్టూ ఉంచు, కదిరికి అంత చాలు." నా దగ్గరున్న పళ్ళ ముక్కను తగిలించి చూస్తే, మూతి చుట్టూ గడ్డం చక్కగా కుదురుకుంది. అద్దంలో చూసుకున్న చిన్నాయన మొహం... అబ్బ, ఊరు గెలిచినవాడిలా ఉన్నాడు!

అందరం జీపులోనే ఇంటికి పోయాం. జేజి చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని బయటికొచ్చింది.

"నీళ్ళు మీ బోరు కాడనే తాగినాం వదినా, కాఫీ పెట్టు" అంది అవ్వ.

వదినా... ఆ పిలుపు వినగానే జేజి చెంబు అక్కడే పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. వియ్యం కుదిరిపోయింది.

ఇప్పుడు నా షాపులో రకరకాల ట్రిమ్మర్లు అమ్ముతున్నా. పిల్లలు కొంటారు, బాత్రూములో తలుపేసుకుని ఫోనులో చూసుకుంటూ ఒక్కరే చేసుకుంటారు... భలే అందంగా చేసుకుంటారు కూడా. కానీ తల పట్టుకునే అన్న లేడు, అద్దం పట్టుకునే పిల్ల లేదు, బాగాలేకపోతే తిట్టేవాళ్ళూ లేరు.

మీ ఇంట్లో మొదటి ట్రిమ్మర్ ఎవరి మొహం మీద నడిచింది? కింద రాయండబ్బా, నవ్వుకుందాం.

శారదా, ఇవన్నీ టైపు చేస్తే తీరేవి కాదు... ఎప్పుడు కలుద్దామే మనం?