దారికి అడ్డంగా వేసిన దుంగ

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ రోజుల్లో మా కొండ ఊరి మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళం దారికి అడ్డంగా దుంగ వేసుకుని కూర్చుంటాం. ఆటోవాడైనా, టీచరైనా, ఆఫీసరైనా సరే, బండి దిగి మాతో నాలుగు అడుగులు థింసా ఆడితేనే దుంగ లేస్తుంది. ఆ దుంగ మా అమ్మ పట్టింది, మా అత్త పట్టింది, పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి నేనూ పడుతున్నాను. దానివల్ల ఎవరికైనా చెడు జరిగిందని ఎప్పుడూ వినలేదు.

మా ఊరికి పైన, కొండవాలులో ఆరేడు గుడిసెలున్నాయి. ఒడిశా వైపు నుంచి కాఫీ పళ్ళు కోయడానికి వచ్చి, పోడు కొట్టుకుని అక్కడే ఉండిపోయినవాళ్ళవి. వాళ్ళలో ఒక పిల్ల నాకు తోటలో జత. ఒకే వరసలో కోసేవాళ్ళం. అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచేది. దాని తెలుగు సగం నా దగ్గర నేర్చుకున్నదే. పోయిన ఏడాది పండుగకు మూడు నెలల ముందు ఆ గుడిసెలోనే మగపిల్లాణ్ణి కన్నది.

బిడ్డకు సూది వేయించాలని దానికి ఒకటే పట్టుదల. పాత ఊళ్ళో దాని అక్క కొడుకు మెదడు జ్వరంతో పోయాడట. ఆ జ్వరాన్ని ఆపే మందు నెలన్నర బిడ్డ నుంచీ వేస్తారని ఎవరో చెప్పారు. బిడ్డను వీపున కట్టుకుని కింద ఆరోగ్య కేంద్రానికి పోయింది. లిస్టులో మీ గుడిసెలు లేవు, మీది ఒడిశా కదా, అక్కడే వేయించుకోమన్నారు. పాత ఊరికి నడిచి పోయింది. మీరు ఊరొదిలి పోయారు కదా, ఇక్కడ పేరు కొట్టేశామన్నారు. తిరిగొచ్చిన మర్నాడు మిరియాలు కోస్తూ నాకీ సంగతి చెప్పింది. చెప్పినంతసేపూ చెయ్యి ఆపలేదు.

నేనే నర్సమ్మను అడిగాను. నెలకోసారి బుధవారం మా ఊరికి వచ్చే మనిషి. మైదానపు పిల్ల, నోరు మంచిది. లిస్టు సంగతి తను చూసుకుంటానంది. వచ్చే నెల ఇంకొన్ని మందు సీసాలు పెట్టుకుని కొండెక్కుతానని, పిల్లలను గుడిసెల దగ్గరే ఉంచమని చెప్పింది. ఆ కబురు పైకి మోసుకుపోయింది కూడా నేనే.

ఆ బుధవారం పండుగలో పడింది. నాకు తట్టలేదు. పండుగ రోజుల్లో మాకు వారాలు గుర్తుండవు.

మధ్యాహ్నం దాటాక నర్సమ్మ బండి వచ్చింది. భుజాన నీలం రంగు మందుల పెట్టె. కింద రెండు ఊళ్ళ దుంగల దగ్గర ఆడి వచ్చిందట, ముఖమంతా చెమట. ఈసారికి వదలండి తల్లీ, పైకెళ్ళాలని బతిమాలుకుంది. దుంగ ఈ కొస నా చేతిలో ఉంది.

“కిందూరోలతో ఆడి మాతో ఆడవేటి? ఆలకున్న కాళ్ళు మాకు లేవేటి?” అన్నాను.

అందరూ నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. పెట్టె నీడలో పెట్టి మా నడుములు పట్టుకుని వరసలో కలిసింది. ఒక ఆట మూడు ఆటలైంది. సామన్నం పెట్టాం, తిన్నది. పెట్టె నా కళ్ళ ముందే ఉంది. దాని మీద ఎవరో పిల్ల కండువా ఆరేసింది.

అంతలో కొండ నెత్తిన మబ్బు దిగింది. ఉరిమింది. పైదారిలో గెడ్డ ఉంది, వాన పడి నీళ్ళు పొంగితే దాటలేరు. నర్సమ్మ పెట్టె తెరిచి, మందు చెడకుండా పెట్టిన మంచు తాకి చూసింది. చీకటి పడేలోగా పెట్టె కేంద్రంలో అప్పగించాలంది. వచ్చే నెల తప్పకుండా ఎక్కుతానని చెప్పి, వచ్చిన దారినే పోయింది. దుంగ ఎత్తాల్సిన పనే పడలేదు.

వచ్చే నెల రాకముందే బిడ్డకు జ్వరం వచ్చింది. మెడ బిగుసుకుపోయింది, ఫిట్స్ వచ్చాయి. మా ఊరి మగవాళ్ళే డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉన్నారు. బిడ్డ బతికాడు. చెవులు పోయాయి.

జావ కాచుకోవడానికి చోడిపిండి పట్టుకుని చూడ్డానికి పోయాను. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. దాని గుడిసె ముందు పెద్ద బండ ఉంది. అక్కడి నుంచి మా దారి మొత్తం కనిపిస్తుంది. అన్నేళ్ళుగా ఆ కొండెక్కుతున్నా, ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

“నానూ సూసినానప్పా,” అంది. “గుంటడ్ని ఒళ్ళో ఏసుకుని ఆ బండ మీద కూకున్నాను. నర్సమ్మ బాగానే ఆడింది.”

తిట్టలేదు. ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. పిండి మూట ఎక్కడ పెట్టాలో అడిగాను. లోపల పెట్టమంది.

మరుసటి నెల నర్సమ్మ కొండెక్కి మిగతా పిల్లలకు సూదులు వేసింది. ఆ గుడిసెలను తన పుస్తకంలో రాసుకుంది. దిగి వచ్చేటప్పుడు నేనడిగాను, ఆ రోజు వేసుంటే జ్వరం ఆగేదా అని.

“ఒక్క సూదికే ఆగేదని సెప్పలేను పెద్దమ్మా,” అంది. “ఆగేది కాదనీ సెప్పలేను.”

ఈ ఏడాది పండుగలోనూ నర్సమ్మ వచ్చే రోజు ఉంది. ఈసారి గుర్తుంది, అందరికీ చెప్పాను. అయినా దుంగ వేశాం. వేయకుండా ఎలా ఉంటామో మాకు తెలియదు. మేం వేసేసరికే ఆ పిల్ల బిడ్డతో దిగి వచ్చి దారి పక్కన కూర్చుని ఉంది. ఎవరూ పిలవలేదు. జరిగి చోటిచ్చాం.

నర్సమ్మ వచ్చింది. బిడ్డను దుంగ మీదే కూర్చోబెట్టి, మిగిలిపోయిన సూది వేసింది. వాడు గట్టిగా ఏడ్చాడు. ఆడమని ఎవరూ అడగలేదు. బిడ్డను పక్కనున్నవాళ్ళు ఎత్తుకున్నాక ఈ కొస నేనెత్తాను, ఆ కొస ఆ పిల్ల ఎత్తింది. నర్సమ్మ కింద నుంచి వంగి దాటి, పెట్టెతో గుడిసెల వైపు ఎక్కిపోయింది. దుంగ మళ్ళీ దింపి, బిడ్డను దాని పక్కన కూర్చోబెట్టాం.

కాసేపటికి వెనక నుంచి ఒక జీపు వచ్చి గట్టిగా హారన్ కొట్టింది. అందరం అటు తిరిగాం. బిడ్డ దుంగ మీద పాకుతున్న చీమను చూస్తున్నాడు.