రాజుగారు కూర్చోరు

మా సుబ్బరాజు గారికి ఒకే ఒక్క జబ్బు. ఎదురుగా ఎవరైనా నిలబడి పని చేస్తుంటే ఆయన కూర్చోలేరు. "నిలబడ్డ మనిషి ముందు కూర్చోవడం మర్యాద కాదండి" అంటారు. ఆయనది భీమవరం దగ్గర పల్లెటూరు. విమానంవాళ్ళు సామాను తూచి మరీ పంపిస్తారు గానీ, ఆ మర్యాద మాత్రం మొత్తం ఎలాగో కాన్‌బెర్రా దాకా మోసుకొచ్చారు. మేముండే గంగాలిన్ పేటలో అందరూ దాన్ని తలా కాస్తా భరిస్తున్నారు. పక్కింటివాణ్ణి కాబట్టి నా వాటా పెద్దది.

మా బజార్లో టోనీ అని ఒక ముసలి బార్బరున్నాడు. రాజుగారు మొదటిసారి వెళ్ళినప్పుడు కుర్చీ ఎక్కమన్నాడు.

"మీరు కూర్చోండి" అన్నారీయన.

ఆ ఒక్క మాటా ఎవరితోనైనా తెలుగులోనే అంటారు. చెయ్యి చాచి చూపించే తీరుకి అర్థంకాని వాళ్ళు కూడా కూర్చుంటారు. చివరికి టోనీ ఎత్తుస్టూలు మీద కూర్చున్నాడు, రాజుగారు మోకాళ్ళు వంచి నిలబడ్డారు. కుర్చీ తిరగాల్సిన చోటల్లా ఆయనే తిరిగారు. ఆ తిరుగుడులో ఎడమవైపు జుట్టు కొంచెం ఎక్కువ పోయింది.

"ఎలా ఉందండీ శ్రీపతిగారూ?" అని నన్నడిగారు.

"కుడివైపు నుంచి చూస్తే అద్భుతంగా ఉందండీ" అన్నాను.

మా పెళ్ళిరోజుకి వాళ్ళ దంపతుల్ని ఇండియన్ రెస్టారెంటుకి పిలిచాను. అది నా తెలివి. వడ్డించే అమ్మాయిని ఆయన తన కుర్చీలో కూర్చోబెట్టి, తను నిలబడి మా ఆర్డరు రాసుకున్నారు. పక్క టేబుల్ వాళ్ళు ఆయన్నే సర్వరనుకుని రెండు నాన్‌లు చెప్పారు. తెచ్చి ఇచ్చారు కూడా. నా పెళ్ళిరోజు సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తు లేదు.

ఇంత మర్యాదస్తుడూ మా ఇంటికొస్తే మాత్రం మారిపోతారు. నేను కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంటాను, ఆయన నా రిక్లైనర్‌లో కాళ్ళు చాపుకుని పడుకుంటారు. మర్యాదని గుమ్మం దగ్గర చెప్పులతో పాటే విప్పేస్తారు కాబోలనుకునేవాణ్ణి.

ఇలాంటి మనిషితో కలిసి పోయిన జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, మంచుకొండలకి వెళ్ళాం. నేను, మా ఆవిడ విద్యావతి, మా అమ్మాయి సింధుజ, రాజుగారు, ఆయన భార్య శ్యామసుందరిగారు, ఒక బకెట్టెడు పులిహోర.

మంచు మీద మనవాళ్ళ నాగరికత చూసి తీరాలి. జాకెట్లు అద్దెకిచ్చే కౌంటరు దగ్గర బేరమాడతాం. దారి చూపించడానికి నిలబెట్టిన మనిషిని భుజంతో నెట్టుకుని వెళ్ళి, దారి ఎటని అరుస్తాం. అక్కడ పనిచేసే పసుపు జాకెట్లవాళ్ళు గుడ్‌మార్నింగ్ చెబితే, బదులు చెప్పడానికి విడిగా చార్జీ ఉంటుందేమోనని నోరు విప్పం. వాళ్ళని కూడా టికెట్టుతో పాటే కొనుక్కున్నామని మన ప్రగాఢ విశ్వాసం.

స్కీయింగ్ రాని మాలాంటి వాళ్ళని కూడా చైర్‌లిఫ్ట్‌లో పైదాకా తీసుకెళ్ళి కొండ చూపిస్తారు. తీగకి వేలాడుతూ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, ఆగవు. మనం గీత మీద నిలబడితే వెనకనుంచి వచ్చి మోకాళ్ళకి తగులుతాయి. తగలగానే కూర్చోవాలి. మనిషి కూర్చుని తీరాల్సిన చోటు ఈ భూమ్మీద ఏదైనా ఉంటే అదే. రాజుగారు దాన్ని కూడా వదల్లేదు.

లిఫ్ట్ దగ్గర ఒక అమ్మాయి నిలబడి అందర్నీ కుర్చీల్లో ఎక్కిస్తోంది. జాకెట్టు మీద 'కమీలా, అర్జెంటీనా' అని ఉంది. ఆడవాళ్ళు ముగ్గురూ ఒక కుర్చీలో నిక్షేపంగా వెళ్ళిపోయారు. తరవాత గీత మీదకి మేమిద్దరం వచ్చాం.

"సిట్ డౌన్ ప్లీజ్, సర్!" అంది కమీలా.

"మేడమ్, యూ ఫస్ట్. కూర్చోండి."

కుర్చీ వచ్చింది. ఈయన పక్కకి తప్పుకుని దానికి దారి ఇచ్చారు. అది ఖాళీగా కొండెక్కింది. ఇంకోటి వచ్చింది, దానికీ అంతే మర్యాద జరిగింది. కమీలా కంగారుపడి బటన్ నొక్కింది. లిఫ్ట్ మొత్తం ఆగిపోయింది. తీగ పొడుగునా జనం గాల్లో ఊగుతున్నారు. అందులో మా కుటుంబం కూడా ఉంది.

"డాడ్! వీ డోంట్ నో హిమ్, ఓకే?" అని పైనుంచి సింధుజ కేక వినపడింది.

"కూర్చోండి, కూర్చోండి" అని ఈయన చెయ్యి చూపిస్తూనే ఉన్నారు. ఇంక గతిలేక ఆ అమ్మాయి బటన్ పక్కన బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుంది. ఒక నిమిషం పోయాక లేచి లిఫ్ట్ నడిపింది.

"అయ్యో, మళ్ళీ నిలబడిపోయారేంటండీ!" అన్నారు రాజుగారు.

ఆమె కూర్చుంటే లిఫ్ట్ నడవదు, నిలబడితే రాజుగారు ఎక్కరు. ఈ లెక్కకి జవాబు లేక లిఫ్ట్ మూడుసార్లు ఆగింది, ఆమె మూడుసార్లు కూర్చుంది. వెనక క్యూ వాళ్ళు ఆస్ట్రేలియా ఇంగ్లీషులో నాకు తెలియని మాటలు చాలా నేర్పారు. నేను ఆయన జాకెట్టు పట్టుకుని లాగుతున్నాను.

ఇంతలో మంచుబండి మీద సూపర్‌వైజరు దిగాడు. "కమీలా, ఏమిటిది? ఇంకొక్కసారి ఆగిందంటే నిన్ను లిఫ్ట్ నుంచి తీసేసి గిన్నెలు కడగడానికి పంపిస్తాను!" అన్నాడు.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. పనిలో చేరి రెండోవారమట. కళ్ళనిండా నీళ్ళు. నాకు రాజుగారి మీద నిజంగానే ఒళ్ళు మండింది. ఆయన మర్యాద పుణ్యమా అని ఒక పిల్ల ఉద్యోగం ఊడేలా ఉంది.

రాజుగారు ముందుకొచ్చారు. "సార్, మేడమ్ తప్పేం లేదు. ఐ యామ్ ఎ డిఫికల్ట్ కస్టమర్."

"అది కనిపిస్తూనే ఉంది" అని సూపర్‌వైజరు ఆయన టికెట్టు తీసేసుకున్నాడు. ఈరోజుకి లిఫ్ట్ ఎక్కడానికి వీల్లేదన్నాడు. ఈయన రెండు చేతులతో ఇచ్చేసి, "ఒక్క డౌటు సార్. మేడమ్ కూర్చోకూడదని రూలేమైనా ఉందా?" అన్నారు.

"లేదు."

"మరైతే పొద్దుట్నించీ ఒంటికాలి మీద ఎందుకు నిలబడ్డారు?"

అప్పుడు చూశాం అందరం. ఎడమ బూటు లేసులు పూర్తిగా విప్పేసి ఉన్నాయి. మడమ పైన వాచిపోయి బూటులోంచి పొంగుతోంది.

"అయామ్ ఫైన్" అంది కమీలా.

సూపర్‌వైజరు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. "ఇది ఫైనా? ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పంపించేస్తారనుకున్నాను."

"కాలు వాచినందుకు ఎవరూ పంపించరు. తగ్గాక మళ్ళీ ఇక్కడే నీ పని" అని రేడియోలో ఇంకో మనిషిని పిలిచాడు. ఆమెని తన బండి మీద కూర్చోబెట్టుకుని ప్రథమచికిత్సకి తీసుకెళ్ళాడు. రాజుగారి టికెట్టు మాత్రం తిరిగివ్వలేదు.

ఆయన్ని ఒంటరిగా వదలలేక నేనూ ఆగిపోయాను. కింద కెఫేలో రెండు కుర్చీలే దొరికాయి. బల్లలు తుడిచే అమ్మాయి ఎదురుగా నిలబడింది. రాజుగారు ఆమె కాళ్ళకేసి ఒకసారి, మొహంకేసి ఒకసారి చూసి, నిశ్చింతగా కూర్చున్నారు. నాకు అనుమానం వచ్చింది.

"ఆ కమీలా కాలు మీరెప్పుడు చూశారు?"

"క్యూలో ఉండగానే చూశానండి."

"మరి మన టోనీ?"

"మోకాలి ఆపరేషనయ్యిందండి ఆయనకి."

"ఆ రెస్టారెంటు అమ్మాయి?"

"ప్లేటిస్తుంటే చెయ్యి తగిలిందండి. ఒళ్ళు కాలిపోతోంది."

"ఆ మాటే చెప్పి కూర్చోమనొచ్చుగా! ఇంత నాటకం ఎందుకు?"

"చెబితే కూర్చుంటారాండీ? ఈ దేశంలో కాలిరిగినా అయామ్ ఫైనే. మనమే పిచ్చోళ్ళమైపోతే, పాపం కస్టమరు గోల పడలేక ఆళ్ళే కూర్చుంటారు. మనకి పోయేదేముందండీ, ఓ టికెట్టు."

ఇన్నాళ్ళూ ఈయన్ని చూసి నవ్వినందుకు సిగ్గేసింది. అయినా అసలు ప్రశ్న అడిగాను. "మరి మా ఇంట్లో నేను నిలబడితే?"

"మీకేవండీ, దున్నపోతులా ఉన్నారు" అన్నారు ఎంతో ఆప్యాయంగా.

ఇంక చేసేదేముంది, కాఫీకి లేచాను. అంతలో తలుపు తోసుకుని కమీలా వచ్చింది. కాలికి కట్టు, చంకలో కర్ర. ఆమెని చూడగానే రాజుగారు దిగ్గున లేచారు. ఆమె అక్కడే ఆగి, లిఫ్ట్ దగ్గర జనాన్ని ఎక్కించే పద్ధతిలో రెండు వేళ్ళూ ఆయన కుర్చీకేసి చూపించింది.

"సర్. కూర్చోండి!"

అచ్చ తెలుగు. రాజుగారు ఠక్కున కూర్చున్నారు. ఒంట్లో బాగాలేక నిలబడ్డ మనిషి ముందు ఆయన అలా కూర్చోవడం నా ఎరుకలో అదే మొదటిసారి. ఆమె నవ్వుతూ పక్క కుర్చీలో, అంటే నా కుర్చీలో, కూర్చుంది.

నేను మూడు కాఫీలు పట్టుకుని వచ్చి వాళ్ళ ముందు నిలబడ్డాను. ఇద్దరూ ఒక్కసారి నా కాళ్ళకేసి చూశారు. కూర్చోమని ఒక్కరూ అనలేదు.