నేను చెప్పిన సాక్ష్యం

బళ్లో పిల్లల్ని అదిలించి అదిలించి, ఇంట్లో కూడా నాది అదే గొంతు. ఆ ఏడాది ఈస్టర్‌కు ముందు శ్రమకాలపు ఉపవాసాల్లో మా ఆయన సగమైపోతే, భక్తి ముదిరిందని ఎగతాళి చేశాను. ఈస్టర్ నాడు కూడా రెండు ముద్దలు తిని కంచం నెట్టేసరికి ఒళ్లు మండింది.

"పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర చచ్చాను. మీకేం రోగం?" అన్నాను. నా నోరు పడిపోను!

రాజమండ్రి ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో పుండు ఉందని ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ వారమంతా నేను చేయని ప్రార్థన లేదు. రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చింది. డాక్టరు గారి ముఖం మాత్రం విచ్చుకోలేదు.

"పుండు చూస్తే నాకు అనుమానంగానే ఉందమ్మా. ఒక్కోసారి జబ్బు లోపలి పొరల్లో ఉంటుంది, పైపైన తీసిన ముక్కలో దొరకదు. రెండు వారాల్లో రండి, మళ్లీ తీద్దాం" అన్నారు.

ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు స్వస్థపరిచాడని, రోగం ఛాయ కూడా లేదని మైకులో చెబుతుంటే అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు అయ్యగారిని పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూడిక కూడా పెట్టాం. అంతమందిలో అంత మాట చెప్పి మళ్లీ పరీక్షకు వెళ్తే అవిశ్వాసం కాదూ? ఆసుపత్రి నుంచి ఫోను వస్తే, "తగ్గిపోయిందండి" అని పెట్టేశాను. ఎంత పొగరో చూడండి.

మూడు నెలలకు నల్లగా విరేచనమై బాత్రూంలో కూలబడిపోయారు. ఈసారి లోతుగా ముక్కలు తీశారు. లింఫోమా అని తేలింది.

"పొట్టలో మొదలైన ఒక రకం క్యాన్సరమ్మా. మందులకు లొంగేదే. కాకపోతే ఇప్పుడు పొట్ట దాటి పాకింది. ముందే వచ్చి ఉంటే బాగుండేది" అన్నారు డాక్టరు గారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రిపోర్టు పట్టుకుని ఇంటికి నిడదవోలు బస్సు ఎక్కాం. కొవ్వూరు దాటాక ఆయన వైపు తిరిగాను.

"ఇన్నాళ్లూ నొప్పి లేదాండీ? ఒక్క మాటైనా చెప్పలేదేం?" అని ఏడ్చాను.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎందుకు లేదు, ఉంది. అందరి ముందూ సాక్ష్యం చెప్పావు కదా. నీ మాట అబద్ధమైపోతుందని ఊరుకున్నాను" అన్నారు.